ఆగస్టులో అతకని పెదవి, అక్టోబర్‌లో పట్టిన గ్రహణం

2023 దీపావళికి రెండు రోజుల ముందు నెల్లూరులో నా ఓపీకి ముగ్గురు వచ్చారు. ఐదో నెల గర్భిణి, ఆమె భర్త, అత్తగారు. ఊరు పొదలకూరు వైపు. భర్త నిమ్మకాయల మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. చేతిలో టిఫా స్కాన్ రిపోర్టు ఉంది, అంటే ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్. బిడ్డకు ఎడమ వైపు పై పెదవి చీలి ఉన్నట్టు, ఆ చీలిక చిగురు దాకా పోయినట్టు అందులో రాశారు. పెదవి, అంగిలి చీలికలకు ఆపరేషన్లు చేయడం నా పని. ఈమధ్య ఇలా పుట్టకముందే నా దగ్గరికి పంపిస్తున్నారు. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఎవరో గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

నేను రిపోర్టు చదవడం పూర్తి కాకముందే పెద్దావిడ అందుకుంది.

"గ్రహణం పూట కత్తిపీట ముట్టొద్దని వంద మాట్లు చెప్పినా సార్. వేధ పట్టినాక సాయంత్రం నిమ్మకాయ కోసుకోని నీళ్లు కలుపుకోని తాగింది. ఇప్పుడు చూడండి, బిడ్డ మూతి తెగింది."

కోడలు తల ఎత్తలేదు. చీర కొంగు చివర దారం పీకుతూ కూర్చుంది. భర్త గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "మూడో నెల స్కాన్‌లో అంతా నార్మల్ అన్నారు సార్. గ్రహణం అయిన వారానికి తీసిన స్కాన్‌లో ఇట్టా వచ్చింది. మధ్యలో జరిగింది అదొక్కటే గదా?"

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ముందు లేదు, తర్వాత ఉంది, మధ్యలో గ్రహణం ఉంది. తేదీలు తెలియని ఎవరికైనా సరిగ్గానే అనిపించే లెక్క అది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను "అవన్నీ మూఢనమ్మకాలమ్మా, పట్టించుకోకండి" అనేవాణ్ణి. వాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. ఇంటికి పోయాక కోడలి మీద నింద పడుతూనే ఉండేది. పైగా మన భాషలో ఈ లోపానికి ఉన్న పేరే గ్రహణం మొర్రి. ఆ పేరులోనే నేరం మోపేశాం. స్కాన్ గదిలో కూడా ఎవరో వీళ్లకు ఆ పేరే చెప్పి పంపారు.

క్యాలెండర్ తీసే ముందు నేను చూడాల్సినది ఇంకొకటి ఉంది. చీలిక మధ్యలో ఉందా, పక్కన ఉందా? ఇది చిన్న తేడా కాదు. ముక్కు కింద సరిగ్గా మధ్యలో ఖాళీ ఉంటే నేను ముందు మెదడు బొమ్మలు అడుగుతాను. పిండంలో ముందు మెదడు నుంచి వచ్చే సిగ్నల్‌ను బట్టే ముఖం మధ్య భాగం తయారవుతుంది. ఆ సిగ్నళ్లలో ముఖ్యమైన ప్రొటీన్ పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. దాని పని బాగా తగ్గిపోతే మెదడు రెండు అర్ధభాగాలుగా విడిపోదు, కళ్లు దగ్గరికి జరుగుతాయి, మరీ తీవ్రంగా ఉంటే నుదుటి కింద ఒకే కన్ను ఏర్పడుతుంది.

ఇది మొదట గొర్రెల్లో బయటపడింది. 1950ల్లో అమెరికాలోని ఐడాహోలో గొర్రెల కాపరులు ఒంటి కన్ను పిల్లలు పుడుతున్నాయని గోల పెట్టారు. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికితే కారణం కొండల్లో పెరిగే ఒక అడవి మొక్క అని తేలింది. అందులోని విషానికి సైక్లోపమీన్ అని పేరు పెట్టారు. అది సోనిక్ హెడ్జ్‌హాగ్ సిగ్నల్‌కు అడ్డుపడుతుందని ఆ తర్వాత చాలా కాలానికి తెలిసింది. గొర్రెల్ని బాగా ఎరిగిన నెల్లూరు వాళ్లకు నేను ఈ కథలో నొక్కి చెప్పేది ఒకటుంది. కట్టిన గొర్రె పద్నాలుగో రోజు అటూ ఇటూగా ఆ ఆకు తింటేనే ఒంటి కన్ను పిల్ల పుడుతుంది. ఆ అదను దాటాక అదే ఆకు తిన్నా పిల్లకు రెండు కళ్లూ ఉంటాయి. విషం అదే, గొర్రె అదే, రోజు మారింది అంతే.

మా కేసులో చీలిక ఎడమ పక్కన ఉంది. మెదడు, గుండె, వెన్ను, కాళ్లూ చేతులూ అన్నీ స్కాన్‌లో బాగున్నాయి. ఫిట్స్ మందులు గానీ, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ గానీ తల్లి ఎప్పుడూ వాడలేదు. మేనరికం కాదు. "మీ రెండు వైపులా ఎవరికైనా మొర్రి ఉందా?" అని అడిగాను. లేదన్నారు. లేదు అని రాసుకున్నాను. ఆ పూట నేను చేసిన తప్పు అదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

క్యాలెండర్

ఆ ఏడాది గోడ క్యాలెండర్ దించి టేబుల్ మీద పరిచాను. ఎర్ర పెన్ను భర్త చేతికిచ్చాను. నేను చెబితే వినడం కంటే వాళ్ల చేత్తో వాళ్లు గీస్తే ఎక్కువ గుర్తుంటుంది.

చివరి నెలసరి జూన్ 20. బిడ్డ కడుపులో పడింది సుమారు రెండు వారాల తర్వాత, అంటే జూలై 4 ప్రాంతంలో. అక్కడ ఒక చుక్క పెట్టించాను. పెన్ను జూలై 14 మీదికి రాగానే అతనే ఆగాడు. "ఆ రోజు చంద్రయాన్ పోయింది సార్. మిద్దె ఎక్కి పొగ చూసినాం." శ్రీహరికోట తేదీలు మన వైపు పండగల్లా గుర్తుంటాయి. ఆ మధ్యాహ్నానికి బిడ్డ వయసు పది రోజులు. ఇంకా ముఖం లేదు, తల లేదు. గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోతున్న కణాల ముద్ద.

జూలై 18కి రావాల్సిన నెలసరి రాలేదు. నెలాఖరున కిట్‌తో చూసుకుని నెల తప్పిందని తెలుసుకున్నారు. అప్పటికి బిడ్డకు నాలుగో వారం. మెదడు, వెన్నుపాము అయ్యే వెన్ను గొట్టం మూసుకుంటోంది. నోరు రావాల్సిన గుంట చుట్టూ ఐదు బుడిపెలు లేస్తున్నాయి. పైన నుదుటి వైపు ఒకటి, పక్కల పై దవడవి రెండు, కింది దవడవి రెండు. తర్వాత నుదుటి బుడిపె మీద ముక్కు రంధ్రాల గుంటలు పడి, వాటికి అటూ ఇటూ మళ్లీ చిన్న బుడిపెలు లేస్తాయి. ఈ గుంటలకు లోపలి వైపున్న బుడిపెలూ, పై దవడ బుడిపెలూ కలిస్తేనే పై పెదవి. ఐదో వారం బిడ్డను చూస్తే మనందరికీ మొర్రే. మీకూ నాకూ కూడా. ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉన్న గాడిని వేలితో తడమమన్నాను. ముగ్గురూ తడుముకున్నారు. ఆ గాడికి అటూ ఇటూ ఉన్న సన్నని గట్లు దాదాపుగా ఆ అతుకు పడ్డ చోట్లే.

ఆ కలయిక ఏడో వారానికి అయిపోవాలి. భర్త పెన్నుతో వారాలు లెక్కపెడుతూ వెళ్లి ఆగస్టు 22 దగ్గర ఆగాడు. మర్నాడు 23. ఆ సాయంత్రం చంద్రయాన్ చంద్రుడి మీద దిగింది. ఇల్లంతా టీవీ ముందు కూర్చున్నామని, కోడలు మాత్రం వాంతులతో లోపల పడుకుని ఉందని పెద్దావిడే గుర్తుచేసింది. ఆ పూటకే ఆ పెదవి సంగతి తేలిపోయింది.

అంగిలికి ఇంకొంచెం టైమ్ ఉంటుంది. అది నా చేతులతో చూపిస్తాను. రెండు అరచేతులూ కిందికి వేలాడేసి, మధ్యలో నాలుక ఉందనుకోమంటాను. మొదట అంగిలి పలకలు రెండూ ఇలా నాలుకకు అటూ ఇటూ నిలువుగా పెరుగుతాయి. ఎనిమిదో వారంలో నాలుక కిందికి దిగుతుంది, పలకలు రెండూ పైకి లేచి అడ్డంగా తిరిగి ఒకదానికొకటి ఎదురొస్తాయి. పది పన్నెండు వారాలకు మధ్యలో అతుక్కుంటాయి. ఆ లెక్కన వినాయక చవితి అటూ ఇటూ.

గ్రహణం అక్టోబర్ 28 రాత్రి, ఒంటిగంట దాటాక పట్టి రెండున్నరలోపే విడిచింది. ఆగస్టు 23 నుంచి అక్కడిదాకా రోజులు లెక్కపెట్టమన్నాను. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. అరవై ఆరు.

"మరి మూడో నెల స్కాన్‌లో ఎందుకు కనపడలేదు సార్?"

ఆ పాత రిపోర్టు తెప్పించి బొమ్మ చూపించాను. సెప్టెంబర్ రెండో వారంలో తీసింది. అప్పటికి బిడ్డ పొడవు ఆరు సెంటీమీటర్లు. బొమ్మలో బిడ్డ పక్కకు తిరిగి ఉంది. మెడ వెనక నీటి పొర మందం కొలిచారు. పెదవిని ఎదురుగా చూసిన బొమ్మ ఒక్కటీ లేదు. ఆ స్కాన్ చీలిక లేదని చెప్పలేదు, అసలు అటు చూడలేదు. అప్పటికే అది ఉంది.

కోడలు అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "అయితే నేను కోసినందుకు కాదా సార్?"

"కాదమ్మా. మొర్రి అంటే ఏదో తెగడం కాదు. అతకాల్సినది అతకకపోవడం. అతకని దాన్ని ఏ కత్తిపీటా కోయలేదు."

పెద్దావిడ ఒప్పుకుందని చెప్పను. క్యాలెండర్ మాత్రం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. గర్భం తీసేయించాలా అని బంధువులు అడుగుతున్నారని భర్త చెప్పాడు. ఆ నిర్ణయం తల్లిదని, ఇది మాత్రం ఆపరేషన్‌తో సరిచేయగలిగిన లోపమని, నేను చేసిన పిల్లల ఫొటోలు చూపించి చెప్పాను. గర్భం ఉంచుకున్నారు.

బుడిపెలు ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి

ఆ పూట వాళ్లకు ఇదంతా చెప్పలేదు. ఇక్కడ మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే.

ఉదయగిరిలో ఒకే చెక్కను తొలిచి గరిటె తీసినట్టు ముఖం రాదు. వెన్ను గొట్టం మూసుకునే వేళ దాని అంచుల నుంచి న్యూరల్ క్రెస్ట్ కణాలు విడిపడి, ఈదుకుంటూ వచ్చినట్టు ముందుకు వచ్చి ఈ బుడిపెల్లో చేరతాయి. ముఖం ఎముకలు, మృదులాస్థి ఎక్కువ భాగం వాటి నుంచే. కోడి పిండంలో వాటిని 1868లోనే విల్హెల్మ్ హిస్ గుర్తించాడు. ఆ కణాలకు ఎక్కడికి పోవాలో, ఏమవ్వాలో చెప్పేది చుట్టూ ఉన్న పొరలు వదిలే ప్రొటీన్లు. ఎంత అందిందన్నదే మాట.

పెన్నా కింద కాలువ ఆయకట్టు తెలిసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. తూము దగ్గర చేలకు నీళ్లు నిండుగా అందుతాయి. మధ్యలో వాళ్లకు ఆ మాత్రం. చివరి ఆయకట్టుకు తడి అందితే గొప్ప. నీళ్లు అవే, కానీ మొదటివాళ్లు వరి నాటుతారు, చివరివాళ్లు మినుములో పెసలో చల్లుకుంటారు. కణం కూడా తనకు అందిన ప్రొటీన్ మోతాదును బట్టే తన పంటను ఎంచుకుంటుంది. ఒక్క తేడా ఏమిటంటే ఇక్కడ నాలుగైదు కాలువలు ఒకే చేలో కలుస్తాయి. నుదుటి బుడిపె చివర పై పొరలో ఎఫ్‌జీఎఫ్8 అనే ప్రొటీన్ వదిలే కణాలూ, సోనిక్ హెడ్జ్‌హాగ్ వదిలే కణాలూ పక్కపక్కనే గట్టు పంచుకుంటాయి. ముఖం ముందుకు పెరిగేది ఆ గట్టు దగ్గర నుంచే. కోడి పిండంలో ఆ పొర ముక్కను తీసి మరో చోట అతికించి చూశారు. అక్కడ ఇంకో ముక్కు మొన పెరిగింది. 2003లో ఆ బొమ్మ చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి ఏడాదే ఇంకో సంగతి తేలింది. గలాపగోస్ దీవుల్లో గింజలు పగలగొట్టే పిచ్చుకల ముక్కు లావుగా, లోతుగా ఉండటానికి బీఎంపీ4 అనే ప్రొటీన్ గుడ్డులోనే ముందుగా, ఎక్కువగా రావడం కారణం. మన ఉమ్మడి నెల్లూరు జిల్లా నేలపట్టుకు వచ్చే గూడబాతునూ, నత్తలు తినే కొంగనూ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. రెండింటి ముక్కులకూ పోలిక లేదు. వాటిని తయారుచేసే ప్రొటీన్ సిగ్నళ్లు మాత్రం అవే కొన్ని.

బుడిపెలు పెరిగి ఎదురుపడటం సగం పనే. రెండింటి మీదా చర్మపు పొర ఉంటుంది. పొరలు మధ్యలో ఉండగా లోపలి కండ కలవదు. కాబట్టి సరిగ్గా ఆ చోట, సరిగ్గా ఆ రోజుల్లో, ఆ పొర కణాలు పెరగడం ఆపి, కొన్ని చచ్చిపోయి, కొన్ని పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. ఆ ఆజ్ఞ గొలుసులా వస్తుంది. పీబీఎక్స్ ప్రొటీన్లు డబ్ల్యూఎన్‌టీ సిగ్నల్‌ను లేపుతాయి, అది పీ63ను, పీ63 ఐఆర్ఎఫ్6ను. ఇవన్నీ కణాల్లోని ప్రొటీన్ల, సిగ్నళ్ల పేర్లే. ఐఆర్ఎఫ్6 వచ్చాక పీ63ను తగ్గిస్తుంది, కణం పెరుగుదల ఆపి పక్వానికి వస్తుంది. అంగిలి అతుక్కునే చోట టీజీఎఫ్ బీటా3 అనే ఇంకో సిగ్నల్ కూడా కావాలి. అది లేని ఎలుక పిల్లల అంగిలి పలకలు ఎదురొచ్చి కూడా అతుక్కోలేదని 1995లో చూపించారు.

ఐఆర్ఎఫ్6 పేరు గుర్తుంచుకోండి.

పాప వచ్చాక

2024 మార్చి చివర్లో ఆడపిల్ల పుట్టింది. 2.6 కిలోలు. ఎడమ వైపు పై పెదవి, చిగురు, అంగిలి మొత్తం చీలి ఉన్నాయి. నోరు తెరిస్తే ముక్కు లోపలి గోడ కనిపిస్తుంది. పన్నెండో రోజు నా దగ్గరికి తెచ్చేసరికి తూకం 2.4 కిలోలకు దిగింది. నోటికీ ముక్కుకీ మధ్య గోడ లేకపోతే బిడ్డకు చప్పరించే బిగి రాదు. రొమ్ము నోట్లో పెట్టినా గాలే మింగుతుంది, పాలు ముక్కులోంచి వస్తాయి, పొలమారుతుంది. తల్లి రెండు వారాలుగా ఏడుస్తూనే పట్టిస్తోంది.

వాళ్ల సంచీలో ఉగ్గుగిన్నె ఉంది. పెద్దావిడ తెచ్చింది. తల్లి పాలు పిండి, బిడ్డను దాదాపు నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నె మూతిని చీలిక లేని కుడి బుగ్గ వైపు పెట్టి, ఒక్కో గుక్క మింగాక ఇంకో గుక్క వంచడం నేర్పాం. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు తీయించాలి. తల్లి చేయి వణుకుతుంటే పెద్దావిడ గిన్నె అందుకుంది. బొటనవేలితో గిన్నె మూతికి అడ్డం పెట్టి ధార సన్నగా చేసింది. ఆ పద్ధతి నేను చెప్పలేదు. ఇరవై నిమిషాల్లో ముప్ఫై మిల్లీలీటర్లు పోయాయి, ముక్కులోంచి చుక్క రాలేదు.

పాలు తాగాక మూతి తుడుస్తుంటే కింది పెదవి వెలుతురులో మెరిసింది. మధ్య గీతకు అటూ ఇటూ రెండు చిన్న బొడిపెలు, ఒక్కోదాని నెత్తిన గుండుసూది మొనంత గుంట. దూదితో ఒత్తితే ఎడమ గుంటలోంచి జిగురు లాంటి నీటి బొట్టు ఊరింది.

నేను వెంటనే తండ్రి ముఖంలోకి చూశాను. కిందటి నవంబర్‌లో అతను ఓపీలో ఉన్నంతసేపూ కర్చీఫ్‌తో మూతి అద్దుకుంటూనే ఉన్నాడు. జలుబేమో అనుకున్నాను. కర్చీఫ్ తీయమన్నాను. కింది పెదవి మీద రెండు గుంటలు. బిడ్డకు ఉన్న చోటే. "చిన్నప్పుడు పడితే పళ్లు గుచ్చుకున్నాయంట సార్. చలికాలం తడి ఊరతా ఉంటది." నోరు తెరవమంటే కిందా పైనా రెండో చిన్న దవడ పళ్లు రెండు అసలు రాలేదు.

వ్యాన్ డర్ వూడ్ సిండ్రోమ్. సిండ్రోమ్ అంటే కొన్ని లోపాలు కట్టగా కలిసి వచ్చే జబ్బు. 1954లో ఆన్ వ్యాన్ డర్ వూడ్ అనే వైద్యురాలు కింది పెదవి గుంటలకూ మొర్రికీ ఉన్న వంశ సంబంధాన్ని వివరించారు. సిండ్రోమ్‌తో వచ్చే మొర్రుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి కారణమైన జన్యువును 2002లో కనుక్కున్నారు. అదే ఐఆర్ఎఫ్6.

నవంబర్‌లో నేను అడిగింది మొర్రి ఉందా అని. వాళ్లు లేదన్నది నిజం. పెదవి మీద గుంటలు మొర్రి కాదు కదా. నేను అడగాల్సింది వేరు, అంతకంటే ముందు చూడాల్సింది వేరు. అప్పటి నుంచి మొర్రి బిడ్డ తల్లిదండ్రులిద్దరి పెదాలూ, పళ్లూ లైటు వేసి చూడకుండా నేను కేస్ షీట్‌లో ఆ గడి నింపడం లేదు. ఇది చదివే జూనియర్లను అడిగేది అదొక్కటే.

ఈ జన్యువుకు రెండు కాపీలు ఉంటాయి. ఒక దాంట్లో తప్పు ఉంటే ప్రొటీన్ సగం తగ్గుతుంది, లేదా తయారైనది పనికిరాదు. ఎలుకల్లో రెండు కాపీలూ పాడుచేసి చూస్తే చర్మం పక్వానికి రాదు, కాళ్లు ఒంటికి, నోటి లోపలి పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అతకాల్సిన చోట అతకక, అతకకూడని చోట అతుక్కుంటాయి. కింది పెదవిలో కూడా ఆ ఐదారు వారాల్లోనే చిన్న గాడులు వచ్చి పూడిపోతాయి. పూడకుండా మిగిలినవే ఈ గుంటలు. తండ్రికి గుంటలతో ఆగింది, కూతురికి అంగిలి దాకా ఎందుకు పోయింది? తప్పు ఒకటే అయినా మిగతా జన్యువులు, ఆ రోజుల మోతాదులు వేరు. తూము ఒకటే అయినా ఏ ఏటి నీళ్లు ఆ ఏటివే. ఒకే ఇంట్లో ఒకరికి పెదవి, ఇంకొకరికి అంగిలి మాత్రమే చీలడం కూడా ఈ సిండ్రోమ్‌లో ఉంటుంది.

అందుకే ఈసారి ప్రశ్న మార్చాను. "మీ ఇంట్లో పాలు తాగలేక పోయిన బిడ్డలెవరైనా ఉన్నారా అమ్మా?"

పెద్దావిడ ఉగ్గుగిన్నె కడుగుతోంది. చేయి ఆగింది.

"వీడికి ముందు ఆడబిడ్డ సార్. మూతి చక్కగా ఉండింది. ఎంత పట్టినా పాలు ముక్కులోంచి వచ్చేసేయి. నా పాలు మంచివి కావన్నారు. మేకపాలు పోసినారు. ఇరవై రోజులుండింది."

ఆ బిడ్డ అంగిలిని ఎవరూ చూడలేదు. అది చీలి ఉందని నేను ఈరోజు నిరూపించలేను. కానీ ఆమె చెప్పిన ప్రతి మాటా దానికి సరిపోయింది. ముప్ఫై ఏళ్లు దాటినా ఆమె ఆ బిడ్డ ఎన్ని రోజులు ఉందో లెక్క మరవలేదు. ఆమె పెదవి చూశాను, గుంటలు లేవు. భర్త పోయి చాలా కాలమైంది, ఉన్న ఒక్క ఫొటోలో గుబురు మీసాల కింద ఏమీ కనపడదు.

తండ్రి రక్తం, పాప రక్తం, తల్లి రక్తం హైదరాబాద్ ల్యాబ్‌కు పంపాం. వారాల తర్వాత రిపోర్టు వచ్చింది. తండ్రికీ పాపకూ ఐఆర్ఎఫ్6 జన్యువు రాతలో అదే ఒక్క అక్షరం తప్పు. తల్లికి లేదు. రిపోర్టు చెప్పే రోజు ముగ్గుర్నీ కలిపి కూర్చోబెట్టాను, విడివిడిగా చెబితే ఇంటికి పోయాక మాటలు మారతాయి. నింద కోడలి మీద నుంచి లేచి కొడుకు మీద కూర్చుంటే నేను చేసిన పనికి అర్థం లేదు.

"అంటే నా వల్లనా సార్?" అన్నాడు.

"మీ పెదవి తయారైంది మీ అమ్మ కడుపులో ఆరో వారంలో. మీరు గానీ ఆమె గానీ అందులో చేసిందేముంది? మీకు ఆ అక్షరం ఇచ్చిన వాళ్లకూ ఎవరో ఇచ్చిందే."

తర్వాత బిడ్డకు కూడా ఇది వచ్చే అవకాశం సగం. గుంటలతో ఆగొచ్చు, ఇలా రావొచ్చు. ముందుగా తెలుసుకునే పరీక్షలు ఉన్నాయని చెప్పాను. ఫోలిక్ యాసిడ్ గురించి తల్లి అడిగింది. పెళ్లైన ఆడపిల్లలు గర్భానికి ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని గట్టిగా చెబుతాను. వెన్నుకు అది చేసే మేలు తేలిపోయిన విషయం. పెదవి విషయంలో ఆధారాలు అంత బలంగా లేవు. ఈ పాపకు అది ఆపగలిగింది కాదని కూడా చెప్పాను. వేసుకోలేదన్న ఇంకో తప్పు ఆమె నెత్తిన పడకూడదు.

ఆపరేషన్లు

జూలైలో, నాలుగు నెలలు నిండబోతుండగా పెదవి చేశాను. పది వారాలు, పది పౌన్లు, పది గ్రాముల హిమోగ్లోబిన్ అనే పాత లెక్క ఉంది మాకు. పాప 5.1 కిలోలు, హిమోగ్లోబిన్ 10.6. ప్రభుత్వ పథకం కింద అయింది, చేతి నుంచి ఖర్చు లేదు. మిల్లార్డ్ 1955లో చూపించిన పద్ధతే నేను వాడేది. పెదవి విల్లు ఒంపులకు నీలం సిరాతో చుక్కలు పెట్టుకుని, లోపలి వైపు పైకి లాగేసి ఉన్న భాగాన్ని కిందికి తిప్పి, ఆ ఖాళీలోకి బయటి వైపు భాగాన్ని తెచ్చి కూర్చోబెట్టాలి. చీలిక అంచుల్లో మూతి చుట్టూ తిరిగే కండ దారి తప్పి ముక్కు అడుగున అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసి ఎదురుబొదురు కలపాలి. చర్మం కుట్టు బాగుంటే ఫొటో బాగుంటుంది. కండ కుట్టు బాగుంటేనే నవ్వు బాగుంటుంది.

ఇన్నేళ్లు చేసినా ఒక క్షణంలో నా చేయి ఆగుతుంది. కలపబోయే ముందు రెండు అంచుల మీదా ఉన్న పలుచని చర్మాన్ని కోసి తీసేస్తాం. అది తీయకుండా ఎంత దగ్గరికి లాగి ఎన్ని కుట్లు వేసినా అతకదు. ఆగస్టు మూడో వారంలో ఆ పొర తనంతట తాను తప్పుకోవాల్సింది. ఏడాది ఆలస్యంగా, కత్తితో, నేను ఆ ఐఆర్ఎఫ్6 పని చేస్తున్నాను.

అంగిలి 2025 ఫిబ్రవరిలో, పదకొండో నెలలో చేశాం. అంగిలి కండలే చెవి గొట్టాన్ని తెరుస్తాయి కాబట్టి ఈ పిల్లల చెవుల్లో నీరు చేరడం మామూలు. రెండు చెవుల్లోనూ ఉంది, ఈఎన్‌టీ డాక్టరు అదే మత్తులో చిన్న గొట్టాలు పెట్టారు. కింది పెదవి గుంటలు బడిలో చేర్చే ముందు తీస్తాను. లోపల సొరంగం కొంచెం మిగిలినా తర్వాత గడ్డ కడుతుంది, పాప ఇంకొంచెం పెరిగితే పూర్తిగా తీయడం తేలిక. చిగురులో ఎముక పెట్టడం ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు.

మాటల గురించి తెలుగు తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాల్సినది ఉంది. అంగిలి తెరిచి ఉన్న బిడ్డ కూడా "అమ్మ" అంటుంది, "నాన్న" అంటుంది. మ, న రెండూ ముక్కుతో పలికేవే. ఆ రెండు మాటలు వినగానే మా బిడ్డకు మాటలు వచ్చేశాయని స్పీచ్ థెరపీ మానేస్తారు. "పాలు", "బువ్వ", "తాత", "కాకి" అనాలంటే నోట్లో గాలి నిలవాలి. అంగిలి కండ పనిచేయకపోతే ఆ గాలి ముక్కులోకి పోయి "బువ్వ" కాస్తా "మువ్వ" అవుతుంది. అమ్మా నాన్నా వినిపిస్తే చాలనుకోకండి. బువ్వ అడిగినప్పుడు వినండి.

ఇరవయ్యో నెలలో థెరపిస్టు గదిలో పాప అవ్వ ఒళ్లో కూర్చుని ఉంది. థెరపిస్టు చిన్న అద్దం ముక్కు కింద పట్టుకుంది. గాలి ముక్కులోంచి వస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. "అమ్మ" అన్నప్పుడు పట్టింది, పట్టాలి కూడా. పెద్దావిడ కొంగు ముడి విప్పి బొరుగులు తీసి, ఇవ్వకుండా చూపించింది. "ఏందే ఇది? బువ్వ అను."

"బువ్వ."

అద్దం తేటగా ఉంది. మళ్లీ అంది, మళ్లీ తేటగానే ఉంది. "కాకి" అన్నప్పుడు కింది అంచున సన్నగా మసక పట్టింది. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామని షీట్‌లో రాశాం. బొరుగులు పాప గుప్పిట్లోకి పోయాయి.